చాలు – చాల: స్పానిషు తరతమ పదముల చరిత్ర

కాచిగూడ నుండి సికిందరాబాదు వైపు పోవు రైలులో కూర్చున్నచో విద్యానగర్, జామియా ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజి అను మూడు చిన్న స్టేషనులు వరుసగా వచ్చును. మూడు పేర్లును చదువుతో ముడిపడినవే. ఈ పరిసరములకు భాషలతో గల అనుబంధము నేటిది కాదు. 1918లో హైదరాబాదున నెలకొని, పిమ్మట ఈ ప్రదేశమునకు తరలివచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉన్నత విద్యను ఉరుదూ భాషలో బోధింప సాహసించినది. అందుకు కావలసిన గ్రంథములను సిద్ధపరచుటకై అంతకు ముందేడే, అనగా 1917లో, దారుల్ తర్జుమా అను అనువాద శాఖ ఏర్పడినది. తరువాత 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థ వెలసినది. అది 1972లో విదేశీ భాషలను గూడ తనలో చేర్చుకొని, 2007లో ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమైనది. తార్నాకకు పోవు త్రోవలో నున్న ఆ ఆవరణమున నేడు బోధింపబడు భాషలలో స్పానిషు ఒకటి.

నడివయసు దాటిన పిమ్మట మేము ఆ భాషను నేర్చుకొన మొదలిడితిమి. పెద్దవారు క్రొత్త భాష నేర్చునపుడు నామవాచకములు జ్ఞాపకము ఉండక బాధ పెట్టును. క్రియా రూపములు లెక్కకు మిక్కిలియై భయపెట్టును. మమ్ము చిక్కులో పడవేసినవి మాత్రము ఇవి రెండును గావు. ‘చాలా’, ‘కొంచెము’, ‘మరీ’ వంటి చిన్న చిన్న మాటలు. ఒక గుణము గాని, ఒక పని గాని ఎంతమేరకు ఉన్నదో చెప్పు ఈ మాటలను మన వాడుకలో తరతమములను తెలుపు పదములనవచ్చును.

ఒకప్పుడు మా వద్ద చదువుకొన్న ఒక అమ్మాయి పైచదువునకై స్పానిషు దేశమునకు దరఖాస్తు పెట్టుకొన్నది. ఆమెను గూర్చి నాలుగు మాటలు వ్రాయుమని మమ్ము కోరిరి. ఆమె పనిని మేము ఎరుగుదుము. మనసార మెచ్చుకొనవలెనని కూర్చుండి, స్పానిషులోనే లేఖ వ్రాసితిమి. ఆమె ఆ భాషను ‘బస్తాంతె బ్యేన్’ మాట్లాడునని అందులో ఒక వాక్యము. ‘బస్తాంతె’ అను మాట ‘బస్తార్’ అను క్రియనుండి పుట్టినది. బస్తార్ అనగా చాలుట. మన ‘చాల’ కూడ చాలుటనుండియే పుట్టినది గదా. కాబట్టి ‘బస్తాంతె బ్యేన్’ అనగా ‘చాలా బాగుగా’ అని మేము ధీమాగా నిశ్చయించుకొంటిమి. కొన్ని వారములకు ఒక జాబు వచ్చినది. మర్యాదగా వ్రాసిన జాబే. ఈమె సామర్థ్యమును గూర్చి మీకు సందేహములున్నట్లు తోచుచున్నది, అవి యేవో తెలుపగలరా అని అందలి సారాంశము. ఎందుకనగా స్పానిషు వినువారికి ‘బస్తాంతె బ్యేన్’ అనగా ‘ఫరవాలేదు, ఒక మోస్తరుగా బాగుగనే’ అని మాత్రమే. మేము సవరించి మరల వ్రాయులోపల ఆ సంవత్సరపు జాబితా ముగిసిపోయినది. ఆ అమ్మాయి మరుసటి యేడు వెళ్లినది. ఆమె మమ్మేమియు అనలేదు. అనకపోవుటచేతనే ఈ చిన్న మాటల చరిత్రను తరచి చూడవలెనను పట్టుదల మాకు కలిగినది.

మొదట మన భాషను చూతము. ‘చాలా మంచివాడు’ అందుము. ఇచ్చట చాలా విశేషణమునకు ముందున్నది. ‘చాలా తిన్నాడు’ అందుము. ఇచ్చట క్రియకు ముందున్నది. ‘చాలామంది వచ్చిరి’ అందుము. ఇచ్చట సంఖ్యను చెప్పుచున్నది. ‘చాలా మేలు’ అని పోలికకును అదే మాట. ఇన్ని కొలువులను ఒక్క మాటయే చేయుచున్నది. స్పానిషులో అట్లు కాదు. విశేషణమునకు గాని, మరియొక క్రియావిశేషణమునకు గాని ముందు ‘ముయ్’ అనవలెను. క్రియను బలపరచునపుడు ‘ముచో’ అనవలెను. మంచిదనుటకు ‘బ్వేనో’, మిక్కిలి మంచిదనుటకు ‘ముయ్ బ్వేనో’. కాని ఎక్కువగా పనిచేయును అనుటకు ‘త్రబాహా ముచో’. వస్తువుల రాశిని చెప్పునపుడు అదే ముచో విశేషణమై, ఆ వస్తువు యొక్క లింగ వచనములను అనుసరించి మారును: నీరు అధికమైనచో ‘ముచా’, పుస్తకములు అధికమైనచో ‘ముచోస్’. క్రియావిశేషణముగా నున్నప్పుడు మాత్రము ఎన్నటికిని మారదు.

ఈ రెండు మాటలును ఒకే తల్లి బిడ్డలు. క్రీస్తునకు పూర్వము 218లో రోమకులు ఐబీరియా ద్వీపకల్పమున అడుగుపెట్టిరి. వారితో లాటిను వచ్చినది. లాటినులోని ‘ముల్తుం’ అను ఒక్క పదమే నిండుగా పలికినచోట ముచో అయినది. తన వెనుకనున్న మాటకు అతుకుకొని తేలికగా పలికినచోట ముయ్ అయి కురుచపడినది. మనకిది వింత కాదు. ‘మూడు’ తాను ఒంటిగా నున్నంతసేపు మూడే. ‘ముక్కంటి’లోను ‘ముమ్మారు’లోను అది ‘ము’ మాత్రమే. ‘ము’ అను దానిని ఒంటిగా నిలువబెట్టి ఎన్ని యని అడిగినవానికి జవాబు చెప్పలేము. ముయ్ కూడ అట్టిదే. మంచిదేనా యని అడిగినవానికి ‘ముచో’ అని ప్రత్యుత్తరమీయవచ్చును గాని ‘ముయ్’ అని ఊరకుండరాదు.

మరి ‘మెహోర్’, అనగా ‘మేలైనది’, విశేషణమే గదా. దాని ముందు ముయ్ ఏల రాదు? విద్యార్థులందరును అడుగు ప్రశ్న ఇది. దీనికి చరిత్రయే సమాధానము. లాటినువారు పోలిక చెప్పునపుడు ‘ముల్తో’ అను నిండు రూపమును వాడుచుండిరి. ఆ అలవాటే నిలిచి, నేటికిని ‘ముచో మెహోర్’ అనియే అందురు. నియమమని బట్టీ పట్టినది మరచిపోవచ్చును. వంశము తెలిసినది మరపునకు రాదు.

ఇట్లు వెదకుచు పోగా, తరతమ పదములు ఒక భాషలోనికి మూడు త్రోవల వచ్చినట్లు మాకు తోచినది. మొదటి త్రోవ ఇంటి సొత్తు. నిండు అర్థము గల సొంత మాటలే వాడుకలో అరిగి అరిగి కొలత మాటలగుట. ‘చాలు’ అను ధాతువునకు సరిపోవుట, సమృద్ధిగా నుండుట అను అర్థములు కలవు. దానినుండి చాల వచ్చినది. తమిళమున దీని తోబుట్టువైన ‘సాల’ తిరుక్కురళ్ అంతటి ప్రాచీన గ్రంథమునందే కలదు. బండిపై నెమలి ఈకలనే యైనను మితిమీరి ఎక్కించినచో ఇరుసు విరుగునని చెప్పు సందర్భమున అది వచ్చును. ‘మిగులు’ అను క్రియనుండి ‘మిగుల’ వచ్చినది. స్పానిషులోను మిగులుట అను అర్థముగల ‘సోబ్రార్’ నుండి ‘దె సోబ్రా’ అను మాట వచ్చినది. కావలసినదానికన్న మించి అని దాని భావము. మనము ‘కడుపునిండ’, ‘మనసునిండ’ అనునట్లు, వారు కడుపు నిండినవానిని చెప్పు ‘ఆర్తో’ అను మాటను మిక్కిలి అను అర్థమున వాడిరి. అమెరికా ఖండమున కొన్ని దేశములలో అది నేటికిని ప్రజల నోట నున్నది.

వీటన్నిటిలో విచిత్రమైనది ‘నాదా’. లాటినులో పుట్టిన వస్తువు అను అర్థమున బయలుదేరిన మాట ఇది. పుట్టిన వస్తువేదియు లేదు, లేదు అని పలుమార్లు వ్యతిరేకార్థమున పలుకగా పలుకగా, తుదకు ‘ఏమీలేనిది’ అను అర్థమే దానికి స్థిరపడినది. పుట్టిన వస్తువు శూన్యమైనది! నేడది కొలత మాటగా గూడ పనిచేయును. ‘నో ఎస్ నాదా ఫాసిల్’ అనగా ‘ఏమీ సులభము కాదు’. మన తెలుగులోను ‘ఏమీ’ అను మాటయే ఆ స్థానమున, ఆ పనియే చేయుచున్నది. రెండు భాషలకును చుట్టరికము లేదు. ఒకదానినుండి మరియొకటి నేర్చుకొన్నదియు లేదు. మానవుడు అన్నిచోట్లను తన కడుపును, తన గాదెను, తన ఖాళీ చేతిని చూచుకొనియే కొలతలు ఏర్పరచుకొన్నాడని మాత్రము తెలియుచున్నది.

రెండవ త్రోవ పాండిత్యము. తరతమము అను మన మాటయే సంస్కృత వ్యాకరణమునుండి దిగివచ్చినది. ఇద్దరిలో అధికుని చెప్పుటకు ‘తర’, పలువురిలో అధికుని చెప్పుటకు ‘తమ’ అను ప్రత్యయములు గలవు. ఆ రెండును కలిసి తరతమ మైనవి, తారతమ్యమైనవి. ఈ ‘తమ’కు లాటినులో బంధువు కలదు, అది ‘తిముస్’. స్పానిషువారు కడపటిదానిని ‘ఊల్తిమో’ యనియు, అత్యుత్తమమైనదానిని ‘ఓప్తిమో’ యనియు పలుకునపుడు మన ప్రియతమలోని తమయే అచ్చట వేరొక దుస్తులు ధరించి నిలిచియున్నది. వారి ‘మాస్’, అనగా అధికము, లాటినులోని ‘మాగిస్’ నుండి వచ్చినది; అదియు మన ‘మహా’యు ఒక మూలమునకు చెందినవే. ‘మహా బాగున్నది’ అని పల్లెటూరివాడు పలుకునపుడు తనకొక స్పానిషు చుట్టము కలదని అతడెరుగడు.

విశేషణమునకు ‘ఈసిమో’ అను ప్రత్యయము చేర్చి అత్యంతార్థమును చెప్పుట స్పానిషులో కలదు. ఇది ప్రజల నోట నలిగి వచ్చినది కాదు. పునర్వికాస కాలపు పండితులు లాటినునుండి మరల తెచ్చి వ్యాప్తిలో పెట్టినది. క్రొత్త నగ వచ్చినప్పుడు ఇంటిల్లిపాదియు పెట్టుకొన జూచినట్లు, దీనిని అన్నిటికిని తగిలింప మొదలిడిరి. సెర్వాంటెసు మహాకవి 1615లో ప్రకటించిన డాన్ క్విక్సోటు రెండవ భాగమున, నామవాచకములకు గూడ ఈ ప్రత్యయమును తగిలించి మాట్లాడు పాత్రలను పెట్టి కడుపుబ్బ నవ్వించెను. మన పూర్వపు జాబులలో పిలుపు వరుసను తలచుకొనుడు! అప్పు తీర్చుమని మందలించు జాబు గూడ మహారాజరాజశ్రీ అనియే మొదలగుచుండెను. కొలత మాటను కొలత లేక వాడినచో అది కొలత మాట కాకపోవును.

మూడవ త్రోవ రాజ్యములు మారుట. 711లో అరబ్బులు స్పెయినులో ప్రవేశించిరి. వారి పాలన క్రమముగా కుంచించుకొనుచు 1492 జనవరిలో గ్రనాడా పతనముతో ముగిసినది. ఆ దాదాపు 8 శతాబ్దముల కాలమున స్పానిషులోనికి వేలకొలది అరబ్బీ మాటలు చేరినవి. అందులో ఒకటి ‘ఆస్తా’. అరబ్బీ ‘హత్తా’ దీనికి మూలము. ‘వరకు’ అని ఒక అర్థము. ‘సైతము’ అని మరియొక అర్థము. రేపటి వరకు సెలవు అనుటకు ‘ఆస్తా మఞ్యానా’ అందురు. రాజు సైతము వచ్చెననుటకు రాజునకు ముందు ఆస్తా చేర్తురు. పని ఎంతటి మేరకు పోయినదో చెప్పు మాటగదా ఇది! హైదరాబాదులో ఉరుదూ ప్రసంగములు వినినవారికి ‘హత్తా కి’ అను పలుకుబడి చిరపరిచితము. అదియు ఈ హత్తాయే. ఒకే అరబ్బీ పదము పడమరగా సాగి స్పెయిను చేరినది. తూర్పుగా సాగి పారసీకము మీదుగా ఉరుదూలో స్థిరపడి మన ఊరు చేరినది. ఉరుదూ మాధ్యమమున చదువు సాగిన ఈ ఆవరణమునకు ప్రక్కనే స్పానిషు పాఠములు జరుగుచుండగా, వేల మైళ్ల దూరమున విడిపోయిన ఆ అన్నదమ్ములు తార్నాక త్రోవలో మరల కలిసికొన్నట్లయినది. మన ‘జాస్తి’ కూడ ఈ త్రోవను వచ్చినదే.

ఐబీరియానుండి నేరుగా మనకు వచ్చినవారు పోర్చుగీసులు. వారు మనకు అల్మారాను, తువ్వాలును, మేస్త్రీని, ఇస్త్రీని ఇచ్చిపోయిరి. తరతమ పదమును మాత్రము ఇయ్యలేదు. సంతలో వస్తువుతోపాటు పేరును కొనవచ్చును. కొలత మాట దొరకవలెనన్న ఒక ఇంట కలిసి కాపురము చేయవలెను గాబోలు. వారి భాషలో ‘ముయ్’, ‘ముచో’ రెండు పనులకును ‘ముయ్తు’ అను ఒక్క మాటయే చాలును. ఈ విషయమున పోర్చుగీసు తన తోబుట్టువైన స్పానిషుకంటె మన తెలుగునకే దగ్గరగా నున్నది.

ఇంటివారు తమ కొలతలను ఎన్నడును లెక్కించుకొనరు. పరాయివాడు అడిగినప్పుడు గాని లెక్కించుకొనవలసిన పని పడదు. గ్రనాడా పతనమైన ఆ 1492వ సంవత్సరముననే, ఆగస్టులో, ఆంటోనియో దె నెబ్రిహా రచించిన కాస్తీలు భాషా వ్యాకరణము సలమాంకా నగరమున అచ్చయినది. అందలి భాషాభాగములు 10. క్రియావిశేషణము వానిలో ఒకటి. గ్రంథమున 5 భాగములు. కడపటి భాగము పరభాషలవారు నేర్చుకొనుటకై వ్రాసినది. 1816లో చెన్నపట్నమున అచ్చయిన క్యాంబెలు దొరగారి తెలుగు వ్యాకరణమును, 1840లో వెలువడిన బ్రౌను దొరగారి వ్యాకరణమును అట్లే తెలుగు నేర్వ వచ్చిన ఆంగ్లేయుల అవసరమును తీర్చుటకై పుట్టినవి. 1847లో ఆంద్రేస్ బేయో అను మహాపండితుడు, కారకాసులో పుట్టి చిలీ విశ్వవిద్యాలయమునకు మొదటి అధ్యక్షుడైనవాడు, అమెరికా ఖండమువారి ఉపయోగమునకై స్పానిషు వ్యాకరణమును రచించెను. ముయ్ అనునది ముచో యొక్క కురుచ రూపమే యని అతడు వివరించెను. మేము ఇంతకుముందు చెప్పిన ముక్కంటి పోలికకు ఆధారము అదియే.

ఇక వాడుకకు వత్తము. శూన్యమునుండి మొదలిడి మెట్లు పేర్చినచో నాదా, పోకో, ఉన్ పోకో, బస్తాంతె, ముయ్ లేక ముచో, దెమసియాదో అని వరుస వచ్చును. పోకోకును ఉన్ పోకోకును భేదము సూక్ష్మము. ‘ఉన్ పోకో’ అనగా కొంచెము కలదు. ‘పోకో’ అనగా కొంచెమే కలదు. మనము ఒక్క ఏకారముతో సాధించుదానిని వారు ఒక చిన్న మాటను తీసివేసి సాధింతురు. బస్తాంతె సాధారణముగా ముయ్ కంటె ఒక మెట్టు దిగువ. మన చాల తన పుట్టినింటిని వదలి పైమెట్టు ఎక్కినది. వారి బస్తాంతె చాలు అనుచోటనే నిలిచిపోయినది. మేము పొరబడినది ఇచ్చటనే. ఇద్దరు ఒకే ఊరినుండి బయలుదేరినంత మాత్రమున ఒకే ఊరు చేరవలెనని లేదు. మాట పుట్టుక దారిని చూపును గాని, మజిలీని చెప్పదు.

దెమసియాదో హద్దు మీరినది. మన ‘మరీ’, ‘అతి’ అను మాటల తావు. మన యువకులు మెప్పుగోలుగా ‘దెమసియాదో’ అనుట మేము వినియున్నాము. విందుకు పిలిచిన ఇంటివారి వంటకమును అట్లు పొగడినచో వారు ఉప్పు ఎక్కువైనదేమో యని చూచుకొందురు. వ్యతిరేక వాక్యమున మరియొక మెళకువ కలదు. ‘చాలా మంచిది’ అను దానికి వ్యతిరేకము మనకు ‘అంత మంచిది కాదు’, మాట మారిపోవును. స్పానిషులో మారదు, ‘నో ఎస్ ముయ్ బ్వేనో’ అనియే అందురు. అంత అను మాటను చూచి తొందరపడి, ‘తాన్’ అను మాటను అన్నిచోట్లను పెట్టరాదు. తాన్ పోలికను స్ఫురింపజేయును. దేనికంటె తక్కువ అని వినువాడు ఎదురుచూచును.

ఇవి పంతుళ్ల సూక్ష్మములని కొందరు అనవచ్చును. కాని నొప్పి ఎంత యని వైద్యుడు అడిగినపుడు, అపరాధము ఎంత యని న్యాయాధిపతి అడిగినపుడు, ఈ బిడ్డ ఎంతటిది యని దూరదేశమువారు అడిగినపుడు, దుభాషి నోట నిలుచునది ఈ చిన్న మాటయే. నామవాచకము తప్పినచో వినువాడు వెంటనే కనిపెట్టును. కొలత తప్పినచో ఎవరికిని తెలియదు. తెలియకయే ఒకరి సంవత్సరము గడచిపోవచ్చును.

తెలుగువారము మనము ఒక్క చాలాతో ఇంతకాలము ఎట్లు నెట్టుకొని వచ్చితిమని మేము ఆలోచించితిమి. మనకు స్వరము కలదు. ‘చాలా’ అని తేల్చి పలికిన ఒక కొలత. చివరి అచ్చును సాగదీసి పలికిన వేరొక కొలత. శ్రోతలు ఆ భేదమును ఎరుగుదురు. కాని జాబునకు గొంతు లేదు. పరభాషకు మన గొంతు తెలియదు. అచ్చట మాటయే కొలవవలెను.

ఆ అమ్మాయి అక్కడి చదువు ముగించుకొని తిరిగివచ్చి, ఒకనాడు విద్యానగరులోని మా ఇంటికి వచ్చినది. ఇప్పుడు మా స్పానిషు ఎట్లున్నదని అడిగితిమి. క్షణము ఆలోచించి, ‘బస్తాంతె బ్యేన్’ అని నవ్వినది. ఆ మాట సరియైన కొలతతోనే పలికినదని మేము ఒప్పుకొంటిమి.